కంప్యూటర్లో నిలిచిపోయిన మా నాన్న బోటు

"ఆ రోజుల్లో" అని మొదలుపెట్టాలంటే కొంచెమైనా జుట్టు నెరవాలంటారు. నాకింకా నెరవలేదు. అయినా కంప్యూటర్ల లోకంలో కొన్నేళ్లు గడిస్తే ఒక తరం గడిచినట్టే కాబట్టి, నేనూ ధైర్యం చేసి అలాగే మొదలుపెడతాను. ఆ రోజుల్లో నాకు ఏ వస్తువు కనబడినా మూత విప్పి లోపల ఏముందో చూడాలనిపించేది. మిక్సీ విప్పాను (మళ్లీ బిగించాను కూడా, ఒక మర మిగిలిపోతే, అది లేకుండానే తిరుగుతోంది కదా అని మా అమ్మ దాన్ని కిటికీలో పెట్టింది). డిగ్రీ అయ్యాక పోర్టు దగ్గర ఒక చిన్న ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగం దొరికింది. అక్కడ మూలన పడేసిన ఒక పాత డెస్క్‌టాప్‌ని బతిమాలి తెచ్చుకున్నాను. ఆటోలో దాన్ని ఒళ్లో పెట్టుకుని పూర్ణా మార్కెట్ మీదుగా జాలరిపేటలోని మా ఇంటికి వస్తుంటే పక్కనున్నావిడ టీవీయా అని అడిగింది. వివరించే ఓపిక లేక అవునన్నాను. దానికి విండోస్ మోసే సత్తువ లేకపోవడంతో ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించాను. అది మాత్రం ఎవరికీ బరువనిపించకుండా బతికే మనిషిలా చక్కగా నడిచింది.

మా నాన్న మరబోటుకి సరంగు, అంటే బోటు నడిపే పెద్ద. ఆయన బోటుకి కొత్తగా ఒక పరికరం బిగించారు. బోటు సముద్రంలో ఎక్కడుందో అది ఆకాశానికి చెబితే, ఆకాశం మా అమ్మ ఫోనులోని యాప్‌కి చెప్పేది. కానీ ఆ యాప్‌ని అమ్మ సరిగ్గా చూడకముందే, చేపలు కడుగుతుండగా ఆ ఫోను నడుములోంచి జారి ఐసునీళ్ల తొట్టెలో పడింది. ఒక రోజంతా బియ్యం డబ్బాలో పెట్టినా ప్రాణం రాలేదు. సిమ్ము తీసి నా ఫోనులో వేశాం గానీ, నాది ముసలి ఫోను. ఆ యాప్ నావల్ల కాదని మొహం మీదే చెప్పేసింది. అప్పుడు మా అమ్మ నా డెస్క్‌టాప్ వైపు చూసి ఒక మాటంది.

"ఇంత పెద్ద పెట్టి తెచ్చి ఇంట్లో పెట్టేవు. గుప్పెడంత ఫోను సేసే పని ఇది సెయ్యలేదేటే?"

వినడానికి అమాయకంగా ఉన్నా, ఆ ప్రశ్న నన్ను పట్టుకుని వదల్లేదు. నిజమే, ఎందుకు చెయ్యలేదు? ఫోను యాప్‌లు ఫోనులోనే నడవాలని రాసిపెట్టి ఉందా? వెతగ్గా వెతగ్గా తెలిసిందేమిటంటే, లోపల్లోపల ఫోనుదీ లినక్స్ వంశమే. లినక్స్ ఇంట్లో ఒక గది కట్టి అందులో ఫోను సంసారాన్ని అద్దెకి దించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. వంటగది ఉమ్మడి, గుమ్మం వేరు. ఆ ఆదివారం నేను అన్నం తిన్నానో లేదో నాకు గుర్తులేదు. మొదట తెర నల్లగా ఉండిపోయింది. తర్వాత వెలిగింది గానీ యాప్ అడ్డంగా పడుకుంది. మా పక్కింటి రేడియో అత్త (వార్తలన్నీ ఆవిడ నోటినుంచే వెలువడతాయి కాబట్టి ఆ పేరు) మెడ వంచి కాసేపు చూసి, పెట్టెనే పక్కకి పడుకోబెడితే సరిపోదా అని సలహా ఇచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, పడుకోబెట్టాను. గోడకి ఆనించి, కింద పీట పెట్టి, అలాగే చూశాం. సాయంత్రానికి సరైన సెట్టింగు దొరికి దాన్ని మళ్లీ నిలబెట్టాను. ఓటీపీ నా ముసలి ఫోనుకొచ్చింది, నేను కంప్యూటర్లో కొట్టాను, నీలం రంగు సముద్రం తెరుచుకుంది. అందులో ఒక ఎర్రచుక్క. అది మా నాన్న.

అమ్మ తెర దగ్గరికొచ్చి వేలుతో ఆ చుక్కని నొక్కింది. ఏమీ జరగలేదు (అది వేలికి లొంగే తెర కాదు). కానీ ఆవిడ వేలు తియ్యలేదు. చేపల వేటకెళ్లేవాణ్ణి ఎక్కడికని అడగకూడదు, అపశకునం. పెళ్లయినప్పటినుంచీ అమ్మ అడగలేదు, నాన్న చెప్పలేదు. ఇన్నేళ్లూ ఆయన వెళ్లే చోటు ఎలా ఉంటుందో, ఎంత దూరమో ఆవిడకి తెలియదు. చుక్కనుంచి ఒడ్డునున్న యారాడ కొండ దాకా వేలితో కొలిచి, "ఇంత దూరం ఎల్తన్నాడా ఈ మనిషి" అని మెల్లగా అంది. నాకు గర్వం తన్నుకొచ్చింది. ఇంత కష్టపడి నిలబెట్టినది చెడిపోకూడదని, కంప్యూటర్‌ని ఎవరూ ముట్టుకోకూడదని ఇంటిల్లిపాదికీ ఆర్డర్ వేశాను. తెర ఆరిపోకుండా లినక్స్‌లో నిద్ర కూడా తీసేశాను.

రెండు రోజులకి వాయుగుండం అన్నారు. పోర్టులో హెచ్చరిక ఎగరేశారు, ఒక్కొక్క బోటూ హార్బర్‌కి తిరిగొస్తోంది. మామూలుగా అయితే అలాంటి రోజు మా వీధి ఆడవాళ్లంతా బోట్లు కట్టే జెట్టీ మీద నిలబడి ఉంటారు. ఆ రోజు మాత్రం మా ఇంట్లో చాప మీద కూర్చున్నారు. ఇంట్లోంచే కనబడుతుంటే గాలిలో నిలబడ్డమెందుకని, మధ్యాహ్నం యాప్ తెరిచిపెట్టి నేనే అందరినీ పిలిచాను. నాన్న చుక్క ఒడ్డుకి రావలసిన దారిలోనే ఉంది. కానీ ఎంతసేపు చూసినా కదల్లేదు. బయట కొబ్బరాకులు కొట్టుకుంటున్నాయి. టీ తాగాం, చుక్క అక్కడే ఉంది. మరోసారి తాగాం, అక్కడే ఉంది.

"వల రాయికి పట్టేసుంటాది వదినా. కొయ్యడానికి మనసొప్పక ఇంజనాపేసుంటాడు అన్న," అంది రేడియో అత్త. ఇంకొకావిడ ఇంజనే పోయిందేమో అంది. ప్రవాహం ఎటు లాగుతుందో, ఆ చోట లోతెంతో, ఎవరి బోటు వెళ్లి తాడు కట్టి లాక్కురావాలో చర్చ మొదలైంది. కదలని ఆ చుక్క మీద అంత సముద్ర జ్ఞానం కుమ్మరించారు. అమ్మ మాత్రం రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, రెప్ప వెయ్యకుండా చూస్తోంది. ఎప్పుడూ లేనిది నాకు కూడా లోపల ఏముందో చూడాలనిపించలేదు.

అప్పుడు మా వెనక గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. అందరి కళ్లూ తెర మీదే ఉన్నాయి కాబట్టి ఎవరూ తిరగలేదు. ఎవరి బోటు గురించి ఇంత దిగులు అని ఆ మనిషి అడిగాడు. రేడియో అత్త తల తిప్పకుండానే చెప్పింది. "మా అన్నదే. మద్దేనం నుంచీ కదల్లేదు."

"అయ్యో పాపం," అన్నాడాయన. "గాలి ముదురుతంది. ఇంకా అక్కడే ఉన్నాడేటి?"

అమ్మ గిరుక్కున తిరిగింది. తడిసి ముద్దయిన లుంగీతో, చేతిలో చేపల సంచితో నాన్న నిలబడి, మెడ చాచి, తన బోటు గురించి తనే బెంగపడుతూ తెర వైపు చూస్తున్నాడు. ఒడ్డుకొచ్చి, బోటు కట్టి చేపలు దించేసరికి చాలాసేపయిందట. అమ్మకి ఫోను చేశాడట. ఆ సిమ్మున్న నా ఫోను లోపలి గదిలో చార్జింగు లేక చచ్చిపడి ఉంది. జెట్టీ మీద ఎవరూ లేకపోయేసరికి, ఇంట్లో ఏం ఉపద్రవం వచ్చిందోనని గుండె చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చాడట. అమ్మ లేచి ఆయన భుజం మీద తువ్వాలు లాగి, దాంతోనే ఆయన్ని కొట్టింది. కొడుతూ ఏడ్చింది. నాన్న తను చేసిన తప్పేమిటో తెలియక చేపల సంచి అడ్డుపెట్టుకున్నాడు.

సంగతేమిటో అప్పుడు చూశాను. ఇంటివాడైన లినక్స్ నిద్ర తీసేశాను గానీ, అద్దెకున్నవాడికీ ఒక నిద్ర ఉంటుందని నాకు తట్టలేదు. ఎవరూ ముట్టుకోకపోతే ఫోను నిద్రపోతుంది కదా. పెట్టెలో ఉన్నా ఫోను ఫోనే. ముట్టుకోవద్దని శాసించింది నేనే. చివరిసారి చూసిన బొమ్మని అలాగే పట్టుకుని అది హాయిగా కునుకు తీసింది. యాప్ మూసి మళ్లీ తెరిచాను. ఎర్రచుక్క ఒక్క గంతులో సముద్రం దాటి వచ్చి హార్బర్‌లో నిలబడింది. నాన్న తువ్వాలు అందుకుని మొహం తుడుచుకున్నాడు.

"హమ్మయ్య," అన్నాడు. "ఇప్పుడొచ్చేను ఇంటికి."

ఇప్పుడు నేను ఫోను యాప్‌లు కంప్యూటర్లో సవ్యంగా నడుస్తున్నాయో లేదో పరీక్షించే ఉద్యోగంలోనే ఉన్నాను (నిజంగానే, ఇంటర్వ్యూలో ఈ కథే చెప్పాను). ఆ నిద్ర ఆపడానికి ఒక్క చిన్న సెట్టింగు చాలని ఇప్పుడు తెలుసు. అలలు వినబడేంత దగ్గర్లో తలుపుకి వీపు పెట్టి కూర్చుని, కన్నతండ్రిని పెట్టెలో వెతికిన ఆ అమ్మాయిని తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది. అమ్మకి కొత్త ఫోను కొన్నాం. గాలి లేచిన రోజున అందులో చుక్కని ఒకసారి చూస్తుంది, తర్వాత కొంగు బిగించి జెట్టీకి బయలుదేరుతుంది. నేను ఊళ్లో ఉంటే ఆవిడ వెనకాలే వెళతాను.