గొంతు కదిలితే ఇంకో రౌండ్

ఆ ఉదయం గ్రౌండ్ నుంచి ఇంటికి వచ్చాక మూత్రం పాలు పోయని చాయ్ రంగులో వచ్చింది. అరవైల చివరి ఎండాకాలం అది. నేను పి.యు.సి. చదువుతూ యూనివర్సిటీ క్యాంపస్ గ్రౌండ్‌లో ఎనిమిది వందల మీటర్ల పరుగు పోటీకి, మా మాటల్లో మీట్‌కు, తయారవుతున్నాను. ఇల్లు తార్నాకలో. తొడలు రాళ్ళలా బిగుసుకుపోయాయి. నడుముకు రెండు పక్కలా నొప్పి.

"ఒంటికి పోతే చాయ్ రంగుల వస్తున్నదమ్మా" అన్నాను.

"నీళ్ళు తాగుతున్నవా?"

"సార్ తాగనియ్యడు."

నాయన చెప్పులు వేసుకుంటూ విన్నాడు. "ఎండకు అట్లనే అయితది. పెద్ద మీట్‌కు పోయే పిల్లవు, గింత దానికే భయపడితె ఎట్ల?" అని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

నీళ్ళు తాగి పరుగెత్తితే కాళ్ళు బరువెక్కుతాయని ఆ రోజుల్లో చాలా గ్రౌండ్లలో నమ్మేవారు. మా కోచ్ సార్ నమ్మి ఊరుకోలేదు, కాపలా కూడా కాసేవాడు. రౌండ్లు అయ్యాక మమ్మల్ని వరుసగా నిలబెట్టి తలా ఒక గుక్క నీళ్ళు ఇచ్చేవాడు. పుక్కిలించి ఉమ్మాలి. ఉమ్మేదాకా ఎదురుగా నిలబడి మా గొంతుల వైపే చూసేవాడు. "కదిలింది. ఇంకో రౌండ్" అనేవాడు. ఆ తర్వాత చెట్టు కింద కూర్చొని ఫ్లాస్క్‌లోంచి చాయ్ పోసుకునేవాడు. ఆ ఫ్లాస్క్ మూత ఎరుపు. నేను దేన్నీ మరిచిపోలేదు.

మర్నాడు సార్‌కు మూత్రం సంగతి చెప్పాను. ఒక ఆడపిల్ల ఆ మాట మగవాళ్ళ ముందు నోరు తెరిచి చెప్పడం ఎంత కష్టమో చదివేవాళ్ళకు తెలుసు. ఆయన నవ్వాడు.

"పరీక్షలొస్తే పిల్లలకు కడుపునొప్పి వస్తది. మీట్ వస్తే నీకు గిది వచ్చిందా?"

అబ్బాయిలు కూడా నవ్వారు. పరుగెత్తాను. రెండో రౌండ్‌లో పడిపోయాను. నీళ్ళు తెచ్చి ముఖం మీద చల్లారు. నోట్లో ఎవరూ పోయలేదు.

అమ్మ రిక్షాలో ఆసుపత్రికి తీసుకుపోయింది. అప్పటికి మూత్రం రావడమే ఆగిపోయింది. వార్డులో డాక్టరమ్మ రిపోర్టులు చూసి, "బ్లడ్ యూరియా బాగా పెరిగింది. అక్యూట్ రీనల్ ఫెయిల్యూర్" అంది. అమ్మ ముఖం చూసి మళ్ళీ విడమరిచి చెప్పింది. "ఎండల, నీళ్ళు లేకుంట ఉరికి ఉరికి కండరాలు చితికినయమ్మా. ఆ చెత్త పోయి కిడ్నీలకు అడ్డం పడ్డది."

అక్కడ కూడా నీళ్ళు కొలిచి ఇచ్చారు. తడి దూదితో పెదాలు తుడిచేవారు. నాకు కోపం వచ్చి, "మీరు కూడ మా సార్ లెక్కనే ఉన్నరు" అన్నాను.

డాక్టరమ్మ మంచం మీద కూర్చుంది. "గ్రౌండ్ల నీ ఒంటికి నీళ్ళు కావాలె, ఇయ్యలేదు. ఇప్పుడు ఇస్తె కిడ్నీలు బయటికి పంపుతలేవు. రెండూ ఒకటేనా?"

పెద్దవాళ్ళలో నాతో అంత వివరంగా మాట్లాడిన మొదటి మనిషి ఆమె.

రోజులు గడిచాయి. ముఖం ఉబ్బింది, వాంతులు, ఏది తిన్నా నోట్లో ఇనుము రుచి. ఒక మధ్యాహ్నం మూత్రం వచ్చింది. అమ్మ బెడ్‌పాన్ చేత్తో పట్టుకొని ఏడ్చింది. పక్క మంచం మీదామె, "ఏందక్కా, బంగారం పోసిందా నీ బిడ్డ?" అంది.

"బంగారమే" అంది అమ్మ.

డిశ్చార్జ్ రోజు డాక్టరమ్మ నాయనతో, "ఏడాది దాక ఉరుకుడు లేదు. గ్రౌండ్ మొఖం చూడొద్దు" అంది. నాయన తల ఊపాడు.

ఆసుపత్రికి ఒక్కసారి కూడా రాని కోచ్ సార్ తార్నాకలో మా ఇంటికి మాత్రం బత్తాయిలు పట్టుకొని వచ్చాడు.

"డాక్టర్లు గట్లనే అంటరు. గ్రౌండ్ సంగతి వాళ్ళకేం ఎరుక? మెల్లగ ఉరికితె ఏం గాదు. టీంల పేరు పోతె మల్ల రాదు."

వంటింట్లోంచి అమ్మ, "మీ టీంకు మా బిడ్డే దొరికిందా సారూ? మీ ఇంట్ల పిల్లలు లేరా?" అంది.

"నువ్వు ఊకో" అన్నాడు నాయన. తనే లేచి సార్ కప్పులో ఇంకొంచెం చాయ్ పోశాడు. నన్ను ఎవరూ అడగలేదు.

మెల్లగా అన్న పరుగు కొద్ది రోజులకే పూర్తి పరుగు అయింది. ఒక ఉదయం లేచేసరికి కళ్ళు తెరవలేనంతగా ముఖం వాచింది. మళ్ళీ అదే వార్డు. మూత్రంలో కిడ్నీలు ఆపలేక వదిలేసిన అల్బుమిన్ ప్రొటీన్, పైగా బీపీ. డాక్టరమ్మ నన్ను ఏమీ అనలేదు. నాయన వైపు తిరిగి, "నేను తెలుగులనే చెప్పిన గద?" అంది. నా పరుగు అక్కడితో అయిపోయింది.

తర్వాత ఎన్నో ఏళ్ళకు తనకు జరిగిన సన్మాన సభలో సార్ నా తల మీద చెయ్యి పెట్టి, "నా చేతిల పెరిగిన పిల్ల" అన్నాడు. "నా కిడ్నీల సంగతి కూడ చెప్పండి సార్" అన్నాను. "అప్పుడు అందరు గట్లనే చేస్తుండె గదమ్మా" అన్నాడు. పక్కవాళ్ళు నన్ను కూర్చోమన్నారు. నీళ్ళ విషయంలో ఆయనకు తెలియదనుకుందాం. డాక్టర్ చెప్పాక కూడా తెలియదా? మా నాయనకు తెలియదా? నాయన పోయేదాకా ఈ మాట అడుగుతూనే ఉన్నాను. "ఇంక విడిచిపెట్టు" అన్నవాళ్ళే అందరూ. అలసిపోయాను, కానీ విడిచిపెట్టలేదు.

ఇప్పుడు రోజూ బీపీ మాత్ర వేసుకుంటాను. ఉప్పు తక్కువ. ఏడాదికోసారి బ్లడ్ యూరియా చూపించుకుంటాను. విద్యానగర్‌లో ఒక బడిలో ఆటలు నేర్పుతాను. చదివే తల్లిదండ్రులకు, కోచ్‌లకు చెప్పేది ఒక్కటే. ఎండలో ఆడి వచ్చిన పిల్లను టైమింగ్ అడిగే ముందు మూత్రం ఏ రంగులో వచ్చిందో అడగండి. ముదురు రంగులో ఉందంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. పిల్ల సిగ్గుపడినా మీరు సిగ్గుపడకండి.

మా బడి గ్రౌండ్ మధ్యలో నీళ్ళ కుండ పెట్టించాను. రౌండ్లు అయ్యాక పిల్లలు వరుసగా వస్తారు. నేను ఎదురుగా నిలబడి వాళ్ళ గొంతుల వైపు చూస్తాను. కదిలాకే ఇంకో రౌండ్.