బూడిద అతుకులు

మొన్న సెల్‌ఫోన్ బాగుచేసే అంగట్లో టంకం పొగ వాసన తగిలి, పని అయిపోయినా కాసేపు అక్కడే నిలబడిపోయాను. ధర్మవరంలో మగ్గం నేసుకుంటూ నేనొక శబ్దం పెంచే వాల్వు పెట్టె కట్టిన రోజులు గుర్తొచ్చాయి. కట్టాను అనడం కన్నా విప్పి విప్పి కట్టాను అంటే నిజం.

అది పెనుకొండలో ఉండే మా మేనత్త కోసం. మా మామ నాటకాల్లో పద్యాలు పాడేవాడు. ఆయన పోయాక ఆ గొంతు ఒకే ఒక్క గ్రామఫోన్ ప్లేటులో మిగిలింది. కీ ఇచ్చే పాత పెట్టె ముల్లు దాన్ని గీకి అరగదీస్తోందని అత్త ఆ ప్లేటును చీర మడతల్లో దాచేసింది. పైగా ఆమెకు ఒక చెవి అప్పటికే పోయింది, రెండోది మందగిస్తోంది. అదీ మూసుకుపోకముందే మామ గొంతు వినిపించాలని పట్టుబట్టాను. ప్లేటును గీకని తేలికపాటి ముల్లు సంపాదించాను గానీ, దాని శబ్దం దోమంత. దాన్ని పెంచి రేడియోకు అందించడానికే ఈ పెట్టె.

మొదటిసారి కట్టి తీసుకుపోతే గుర్రుమనే మోత తప్ప ఇంకేం లేదు.

"ముందు ఆ రొద మాన్పించుకోని రాప్పా. అంతదాంకా మీ మామను దాని చేతికియ్యను" అంది అత్త.

రెండోసారి వాల్వు మార్చి, రేకు డబ్బాలో బిగించాను. మోత తగ్గి చిటపటలు మొదలయ్యాయి. "మగ్గం ఆగి పది దినాలాయ. ఆ పెట్టెకేమన్నా పట్టుచీర కడతావా?" అని మా ఆవిడ దెప్పింది. పెట్టె ఒళ్లో పెట్టుకుని ప్యాసింజరు రైలెక్కి హిందూపురం పోయాను. అక్కడి రేడియో మెకానిక్ మూత తీసి, తీగలు కదిపి, వేలికంటిన బూడిద చూసి, నా ముఖం చూశాడు.

"ఏమబ్బా, ఇది మగ్గమనుకుంటివా? బూడిద పూసి మెలిపెడితే కరెంటు యాడ పోతాది?"

పాత పడుగుకు కొత్త పడుగు అతికేటప్పుడు వేళ్లకు బూడిద అద్దుకుని పోగూ పోగూ మెలిపెట్టడం మా ఇంటి విద్య. వేల పోగులు అతికినా ఒక్కటి ఊడదు. ఆ గర్వంతోనే తీగలన్నీ అలాగే అతికాను. టంకం పెట్టడం చేతకానివాళ్ల పని అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను గానీ వదల్లేదు. మూడు ఆదివారాలు ఆ అంగట్లోనే కూర్చుని, అతుకులన్నీ విప్పి, తీగలు తళతళలాడేదాకా గీకి, వేళ్లు బొబ్బలెక్కేలా టంకం నేర్చుకుని మూడోసారి కట్టాను.

తిరుగు రైల్లో నేరుగా పెనుకొండలో దిగాను. పక్కింటి రేడియో తెచ్చి తగిలించాను. అత్త మంచి చెవిని దానికి ఆనించింది. మోత లేదని తేల్చుకుని, చీర మడతల్లోంచి ప్లేటు తీసి ఇచ్చింది. కీ పెట్టె మీదే, కొత్త ముల్లు కింద ప్లేటు తిరిగింది. మామ ఇంకా పద్యం ఎత్తుకోనేలేదు, అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఊపిరి తీసుకుంటాండాడు."

పాత ముల్లు కింద ఎన్నడూ వినబడని చప్పుడది. పద్యం ఆమెకు ఎటూ కంఠతా వచ్చు. మళ్లీ మొదటికి పెట్టమంది, పద్యం మొదలవగానే ఆపమంది. నాకు ఏడుపొచ్చింది.

ఏడాది తిరక్కుండా ఆ చెవీ మూసుకుపోయింది. ఇప్పుడు నా చెవులూ అదే దారిలో ఉన్నాయి. కాలం అందరినీ తీసుకుపోతుంది, దానితో నాకు పేచీ లేదు. ఒక్క ఊపిరిని మాత్రం దాని చేతిలోంచి లాక్కున్నాను, మూడుసార్లు విప్పి కట్టి.