బిళ్ళల కాపరి

రైల్వే పనుల కోసం తెలుగువాళ్లు వలస వచ్చి స్థిరపడ్డ సుభాష్‌పల్లిలో స్వర్ణకుమారి ఇల్లు ఎక్కడని అడిగితే, "ఎవరూ, దొంగ దావీదు కూతురా?" అని ఎదురు అడిగేవాళ్లు కొంతకాలం ఉండేవాళ్లు. దావీదు పోయి ఏడేళ్లయినా ఆ మాట మాత్రం పోలేదు.

దావీదు మలంచా అనే పేట దాటాక ఉన్న ఒక ప్రైవేటు పోత కార్ఖానాలో అచ్చులు పోసేవాడు. గేటు దగ్గర ఒక కొయ్య బోర్డు, దాని మీద నంబరుకో మేకు. లోపలికి వెళ్లేటప్పుడు ఎవరి ఇత్తడి బిళ్ళ వాళ్లు తీసుకోవాలి, బయటికి పోయేటప్పుడు తిరిగి తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా లోపల ఉన్నట్టు. ఎనభై నాలుగులో ఒక శనివారం ఒంటిగంటకి పని విడిచారు. బోర్డు నిండింది, గేటు మూశారు. నాలుగింటికి వాచ్‌మన్‌కి మూలుగు వినిపించి వెళ్లి చూస్తే, దావీదు అచ్చుల గోతిలో, ఇసక నింపే ఇనప అచ్చుపెట్టె కింద నలిగి ఉన్నాడు. ఆస్పత్రి దారిలోనే ప్రాణం పోయింది.

విచారణ రెండు రోజుల్లో తేలిపోయింది. దావీదు నంబరు నూటనలభై రెండు. ఆ బిళ్ళ బోర్డు మీదే ఉంది, కాబట్టి మనిషి బయటికి వెళ్లిపోయాడు. బయటికి వెళ్లినవాడు లోపల దొరికాడంటే గోడ దూకాడు. గోడ దూకింది రాగి కోసం. అలా రాసుకుని సంతకాలు పెట్టుకున్నారు. రెండు నెలలు గడిచాక, "దయతో" ఆయన కూతురికి పనిముట్ల గదిలో ఉద్యోగం ఇచ్చారు. దొంగ కూతురి చేతికి పనిముట్ల గది తాళాలు ఎవడైనా ఇస్తాడా? ఇచ్చారంటే, తాము రాసింది తామే నమ్మలేదన్నమాట. స్వర్ణకి ఇరవై ఏళ్లకే ఆ సంగతి అర్థమైంది. అర్థం కానిది ఒక్కటే. నాన్న గోతిలో ఉంటే బిళ్ళ బోర్డు దాకా ఎలా నడిచి వెళ్లింది?

అడగని మనిషి లేడు. "ఏటోనమ్మా" అనేవాళ్లు, తల తిప్పుకునేవాళ్లు.

ఏటి, ఎలా, ఎందుకు అని అడగడం ఆమెకి అలా అలవాటైపోయింది. అందుకే తొంభై ఒకటిలో ఆర్థర్ ఆ చిరిగిన ఇంగ్లీషు పుస్తకం పట్టుకొచ్చినప్పుడు అందరికంటే ముందు ఆమే దాని మీదకి వంగింది.

ఆర్థర్ ఆమెకి పిన్ని కొడుకు, రైల్వేలో నక్షాలకి నకళ్లు గీసే ట్రేసరు. హాస్టలు కుర్రాళ్లు చదువులయ్యాక అమ్మేసి పోయే పుస్తకాలు గోల్‌బజార్‌లో కిలోల లెక్కన దొరుకుతాయి. అందులో దొరికిందిది. రాక్షసులు, కోటలు, నిధులు. నలుగురు కూర్చుని, ఒకడు కథ నడిపితే మిగతావాళ్లు అందులో మనుషులై ఆడే ఆట. బల్ల లేదు, చాప వేశారు. ఇరవై ముఖాల పాచిక కావాలని పుస్తకంలో ఉంది. అదీ లేదు. రైల్వేవాళ్ల క్లబ్బు ఇన్‌స్టిట్యూట్‌లో పారేసిన హౌసీ ఆట సంచిలోంచి ఒకటి నుంచి ఇరవై దాకా కొయ్య అంకెలు ఏరుకున్నారు. పని కష్టమైనదైతే పన్నెండు దాటిన అంకె తియ్యాలి, తీసిన అంకె మళ్లీ సంచిలో వెయ్యాలి.

ఆదివారం ప్రార్థన అయ్యాక, మధ్యాహ్నం భోజనాలు చేసి కూర్చునేవారు. స్వర్ణ, కథ నడిపే ఆర్థర్, రైల్వే ఆస్పత్రిలో నర్సు సూసన్న, నూకయ్య. నూకయ్య దావీదుతో పాటు అచ్చులు పోసినవాడు, శ్రీకాకుళం వైపు మనిషి. దావీదు పోయిన దగ్గర్నుంచి ఆదివారం ఆదివారం చేపలు తెచ్చేవాడు, కుళాయి కారితే బాగుచేసేవాడు. స్వర్ణ ఆయన్ని చిన్నాన్న అనేది.

"ముందు ఎవరి క్లాసు వాళ్లు తీసుకోవాల" అన్నాడు ఆర్థర్.

"క్లాసంటే ఏట్రా? ఫస్ట్ క్లాసు, సెకండ్ క్లాసేటి?" అన్నాడు నూకయ్య.

"కాదు మావా. ఈ కథలో నువ్వు ఏ పనోడివి అని. యోధుడు, మంత్రగాడు, వైద్యుడు, దొంగ. నాలుగే ఉన్నాయి."

"సూసక్క వైద్యం సేస్తాది" అన్నాడు మళ్లీ ఆర్థరే.

"నాను సెయ్యను" అంది సూసన్న. "ఆరు రోజులు ఆస్పత్రిలో కట్లు కట్టి, ఆదివారం రాక్షసుల ఊర్లో కూడా కట్లేనా? నాకు కత్తి ఇయ్యి. పెద్దది."

నూకయ్యకి మంత్రగాడు నచ్చాడు. ఎవర్నీ ముట్టుకోకుండా కూర్చున్న చోటి నుంచే పని అయిపోతుంది.

"అక్కా, దొంగ మంచి క్లాసు. తాళాలు తియ్యొచ్చు, గోడలు దూకొచ్చు..." అంటూ ఆర్థర్ ఠక్కున ఆగిపోయాడు.

నూకయ్య చాప అంచు పీకుతూ కూర్చున్నాడు.

"నాకు నాది కావాల" అంది స్వర్ణ. "అంత పెద్ద కోట అంటన్నావు. కత్తులు పట్టీ వోళ్లున్నారు, ఆ కత్తులు సాన పట్టీ వోళ్లు లేరా? కుండలు తోమీ వోళ్లు? ఈ పుస్తకం రాసినోడికి పనిసేసీ మనుషులు కనపళ్లేదా?"

"అయితే నువ్వే రాసుకో. ఠీక్ హై. కానీ పేరు మారిస్తే సాలదు. నీ క్లాసు సేసీది ఇంకెవరూ సెయ్యలేనిదై ఉండాల."

ఆ షరతు ఆమె బుర్రలో పురుగులా దూరింది.

మొదటి వారం 'పనిముట్ల మనిషి' అని రాసుకొచ్చింది. సుత్తీ, గునపం, చిన్న కత్తీ వాడుతుంది. ఆర్థర్ చదివి పెదవి విరిచాడు. "ఇది యోధుడికి సొక్కా మార్చినట్టుంది." రెండో వారం, ఎప్పుడు ఏది కావాలన్నా ఆ మనిషి సంచిలో దొరుకుతుందని రాసింది. ఆడి చూశారు. నది అడ్డం వస్తే తాడు, చీకటైతే లాంతరు, గోడ వస్తే నిచ్చెన. గంటలో కోట ఖాళీ అయిపోయింది. ఎవరికీ భయం వేయలేదు.

"ఓలమ్మ, నీ సంచిలో తాటిచెట్టు కూడా ఉన్నాదేటే సొర్నా?" అంది సూసన్న ఆవులిస్తూ.

స్వర్ణ నవ్వేసింది గానీ వదల్లేదు. ఒక పనివాడికీ ఇంకో పనివాడికీ నిజంగా తేడా ఎక్కడుంది? కార్ఖానాలో కిటికీలోంచి చూడడం మొదలుపెట్టింది. కొలిమి దగ్గరివాడు నిప్పు రంగు కోసం ఎదురు చూస్తాడు. అచ్చు పోసేవాడికి ఇసకలో తేమంటే భయం, కరిగిన లోహం తగిలితే పేలుతుంది. వెల్డరు కన్ను ఇచ్చి జీతం తెచ్చుకుంటాడు. ఏం చెయ్యగలడన్నది తర్వాత సంగతి, దేని కోసం కాచుకుంటాడు, దేనికి భయపడతాడు, ఏం పోగొట్టుకుంటాడు అన్నవి చూస్తే మనిషి ఎవరో తెలిసిపోతోంది. ఇదంతా పాత బిల్లుల వెనక రాసుకుంది.

మరి తను? ఆ ప్రశ్నకి జవాబు ఒక మంగళవారం ఆమె గది గోడ మీదే కనిపించింది. రెంచి తీసుకెళ్లినవాడు తన బిళ్ళ ఇచ్చి వెళతాడు. రెంచి ఉండే మేకుకి ఆమె బిళ్ళ తగిలిస్తుంది. గోడ చూస్తే చాలు, ఎవరు ఏ పనిలో ఉన్నారో, ఎవరింకా తిరిగి రాలేదో చెప్పగలదు. ఏడేళ్లుగా ఆమె చేస్తున్నది పనిముట్లు కాయడం కాదు. మనుషుల్ని కాయడం.

ఆ ఆదివారం ఒక చెక్కముక్కకి మూడు మేకులు కొట్టి, తుక్కులోంచి తెచ్చిన పాత ఇత్తడి బిళ్ళలు మూడు తగిలించి పట్టుకొచ్చింది.

"బిళ్ళల కాపరి" అంది. "కోట లోపలికి ఎల్లినప్పుడు అందరూ బిళ్ళ తీసుకోవాల. బయటికొచ్చేక తగిలించాల. మీ బిళ్ళ మేకు మీద లేనంతసేపూ మీకు తగిలీ దెబ్బలో సగం నాను తీసుకోగలను. ఎక్కడున్నా ఒక్కసారి పిలవగలను. నా సేతిలో కత్తి ఉండదు. నాను దాక్కోలేను. ఇంకోటి. ఒక్క మేకు ఖాళీగా ఉన్నా ఆ రోజు ముగియదు. ఎవరికీ నిద్ర నేదు, గాయాలు మానవు, సిన్నాన్న మంత్రాలు తిరిగి రావు."

ఆర్థర్ పుస్తకం పేజీలు తిరగేశాడు. పుస్తకంలో రాత్రి అనేది ఊరికే వస్తుంది. పడుకుంటారు, లేస్తారు, అంతా సరిగ్గా ఉంటుంది. ఈమె ఆ నిద్రకే తాళం వేసింది.

"బాప్‌రే అక్కా! ఇది ఏ క్లాసుకీ నేదు" అన్నాడు చివరికి. అంతలోనే ట్రేసరు బుద్ధి పోనిచ్చుకోక, "కానీ ఒకటి రాయలేదు నువ్వు. ఎవరి బిళ్ళ వాళ్లే తగిలించాలా, ఇంకెవరైనా తగిలించొచ్చా?"

"ఏమో. ఆడితే తెలుస్తాది."

ఆట మొదలైంది. బిళ్ళలు చాప కిందికి జారిపోతుంటే నూకయ్య తన ఖైనీ డబ్బా మూత తీసి మధ్యలో పెట్టాడు. "అన్నీ ఇందులో ఎయ్యండి, పోవు." వేశారు. రాక్షసుడి గనిలోకి దిగారు. గంటసేపు ఒకటే అరుపులు. గని కూలుతోందని ఆర్థర్ చెప్పగానే సూసన్న సంచిలో చెయ్యి పెట్టి మూడు అంకె తీసింది. ఆమె యోధురాలు గోతిలో పడింది. కాపరీ మంత్రగాడూ మాత్రం బయటపడ్డారు.

"బయటికొచ్చీసినాం!" అని నూకయ్య సంబరపడుతూ, మాట మీద మాట పడుతుండగానే, డబ్బా మూతలోని బిళ్ళలన్నీ గుప్పిట్లోకి తీసుకున్నాడు. ఆయన కళ్లు ఆర్థర్ మీదే ఉన్నాయి. చెయ్యి తన దారిన తను పోయి టక్, టక్, టక్‌మని మూడూ మేకులకి తగిలించేసింది. ఎన్నో ఏళ్లు చేసిన చెయ్యి అది.

ఆర్థర్ చెక్క చూసి నవ్వాడు. "అయితే బోర్డు నిండిపోయింది. రోజు ముగిసింది. అందరూ పడుకున్నారు."

"ఒరే, నాను గోతిలో ఉన్నాను గదరా!" అంది సూసన్న.

"బోర్డు ప్రకారం నువ్వు బయటున్నావు సూసక్కా. నిన్నెవరూ ఎతకరు."

చాప మీద నవ్వు సగంలో ఆగిపోయింది. స్వర్ణ చెక్కని చూడలేదు. ఇంకా మేకు దగ్గరే గాల్లో ఆగిపోయిన నూకయ్య చేతిని చూసింది.

"సిన్నాన్నా" అంది మెల్లగా. "ఆ శనివారం మా నాన్న బిళ్ళ ఎవరు తగిలించినారు?"

ఆయన తలకాయ వాలిపోయింది.

"నానే అమ్మా" అన్నాడు. "బిళ్ళ జేబులో ఉంటే ఇసకలో పడిపోద్దని అయిదుగురివీ ఒకే డబ్బాలో ఎట్టుకునీవోలం. బోర్డు కాడ పెద్ద లైను. ఒంటిగంటన్నర బస్సు పోద్ది. రోజుకొకడు డబ్బా పట్టుకెళ్లి అందరివీ తగిలించీవోడు. ఆ రోజు నా వంతు. దావీదు కాళ్లు కడుక్కుంటన్నాడనుకున్నాను. అచ్చు సూసుకుందారని ఎనక్కెల్లినాడని నాకు తెల్దు."

"మరి ఎవరితోనూ సెప్పలేదా?"

"సోమారం పొద్దున్నే ఆఫీసులో సెప్పినాను. నోరు తెరిస్తే రేపు నీ మేకే ఉండదన్నారు. ఆ రోజు నుంచీ డబ్బా అలవాటు మానిపించీసినారు. మేమందరం నోళ్లు కుట్టీసుకున్నాం. సేపలు తెచ్చినాను, కుళాయిలు బాగుసేసినాను. ఇదొక్కటీ సెప్పలేకపోనాను."

ఏడేళ్ల ప్రశ్నకి జవాబు అంత చిన్నది. స్నేహితుడికి బస్సు తప్పకూడదన్న మంచితనం. ఆ మంచితనాన్ని పట్టుకుని పైవాళ్లు ఒక మనిషిని దొంగని చేశారు. తప్పు డబ్బాది కాదు. బోర్డు నిండితే చాలు, లోపల మనిషి ఉన్నాడో లేడో చూడక్కర్లేదనుకున్న వాళ్లది.

స్వర్ణ పాత బిల్లు తిరగేసి, తన క్లాసు నియమాల కింద ఒక వరస చేర్చింది: 'ఎవరి బిళ్ళ వారే తగిలించాలి.' తర్వాత ఇంకో కాగితం తీసింది.

"ఇప్పుడు సెప్పిందే మళ్లీ సెప్పు. ఆర్థర్ రాస్తాడు. నువ్వు సంతకం ఎట్టాల."

"నా ఉజ్జోగం పోద్దమ్మా."

"మా నాన్న పేరు పోయింది."

నూకయ్య తనకొచ్చిన మూడు అక్షరాలతో సంతకం పెట్టాడు.

కాగితం లేబరు ఆఫీసుకి వెళ్లింది. వారం తిరక్కుండా కార్ఖానా నూకయ్యని గేటు బయట నిలబెట్టింది. కానీ ఈసారి అచ్చుల షెడ్డు మొత్తం తమ బిళ్ళలు మేకుల నుంచి తియ్యకుండా గేటు ముందే కూర్చుంది. మూడో రోజున ఆయన్ని లోపలికి పిలిచారు. స్వర్ణ మాత్రం ఆయనతో కాగితాల సంగతి తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఆయనా ఇంటి గడప తొక్కలేదు. శనివారం పని విడిచే వేళ ఆమె పనిముట్ల గది మూసి బోర్డు పక్కనే నిలబడేది. "నీది నువ్వే ఎట్టు దాదా. పక్కోడిది వద్దు" అనేది. బస్సు పోతోందని తిట్టుకునేవాళ్లు. తిట్టుకుంటూనే ఎవరిది వాళ్లు తగిలించేవాళ్లు.

పద్నాలుగు నెలలకి ఉత్తరం వచ్చింది. దావీదు కార్ఖానా విడిచి వెళ్లినట్టు రుజువు లేదని, దొంగతనం ఆరోపణ కొట్టివేశామని అందులో ఉంది. స్వర్ణ తల్లి సుజాతమ్మ ఆ ఉత్తరం పట్టుకుని సుభాష్‌పల్లిలో ఇంటింటికీ తిరిగింది. చదవడం రాని వాళ్లకి చదివించి మరీ వినిపించింది.

ఆ ఆదివారం నూకయ్య చేపల సంచితో వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపల సూసన్న ఉంది, ఆర్థర్ చాప పరుస్తున్నాడు. స్వర్ణ అల్మారా మీంచి చెక్క దించి, ఊదింది. ఏడాది పైగా దుమ్ము. ఒక మేకు నుంచి బిళ్ళ తీసి సూసన్న ముందు పెట్టింది. ఆ మేకు ఖాళీగా మిగిలింది.

"సూసన్న ఇంకా గోతిలోనే ఉంది సిన్నాన్నా" అంది. "రా. నువ్వే దిగాల."

నూకయ్య చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. హౌసీ సంచిలో చెయ్యి పెట్టి చాలాసేపు కలిపాడు. తీశాడు. నాలుగు.

"సాలదు" అన్నాడు ఆర్థర్.

"అయితే ఏటి?" అంది స్వర్ణ. "రోజింకా అయిపోలేదు గదా. అది సంచిలో ఏసీసి, మళ్లీ తియ్యి."