సాలమ్మ చాప వంతు

చిన్న మంగళారంలో సాలమ్మ నోటికి జడిసి కుక్కలు కూడా పక్క సందులోంచి పోతాయంటారు. అబద్ధం. కుక్కలతో సాలమ్మకు ఏ పేచీ లేదు, అవి పెట్టింది తింటాయి. ఆమె పేచీ అంతా పెట్టింది తినని మనుషులతోనే.

పుట్టిల్లు చేవెళ్ల పక్క పల్లె. బడి ముఖం చూసింది రెండో తరగతి దాకా. ఆ తర్వాత ఆమెకు చదువు చెప్పినవి కొత్తిమీర మడులు, బంతి తోటలు, తెల్లవారకముందే మెహదీపట్నం పోయే బస్సు. పూల గంపతో ఆ బస్సులో సీటు సంపాదించిన మనిషికి ఇక లోకంలో గెలవలేనిది ఏముంటుంది?

ఆమె కాపురానికి వచ్చేనాటికి వాడలో చర్చి గుడి లేదు, ప్రార్థన కూడిక మాత్రం ఉంది. బుధవారం పొద్దు వాలగానే ఆడవాళ్లు ఎవరో ఒకరి వాకిట్లో ఈత చాప పరుచుకుని కూర్చునేవారు. చదువు వచ్చిన ఆమె బైబిలు వాక్యం చదివేది. ఆ వాక్యం తమతో ఏమందో మిగతావాళ్లు వంతుగా చెప్పేవారు. ఇంటామె తనకున్నదేదో అందరికీ పెట్టేది. లేచేముందు అందరూ ఆ ఇంటి ద్వారబంధం మీద చేతులుంచి ప్రార్థన చేసేవారు. అది అయ్యాక వచ్చే వారం వంతు ఎవరిదో ఆమె చాప చుట్టి చంకన పెట్టుకుని పోయేది. చాప ఎవరింట్లో ఉంటే కూడిక ఆ ఇంట్లో. అంతే చట్టం.

సాలమ్మ అత్త పోతూ పోతూ కోడలి చేతిలో పెట్టిన ఆస్తి రెండు: ఒక రాగి బిందె, ఈ చాప వంతు. బిందె ఎప్పుడో సొట్టలు పోయింది. చాపలు ఎన్నో చిరిగాయి, కొత్తవి వచ్చాయి. వంతు మాత్రం చిరగలేదు. మొగుడు పోయినప్పుడు సాలమ్మ ఏడ్చింది చాప మీదే, కొడుక్కి పెళ్లి కుదిరినప్పుడు నవ్విందీ చాప మీదే.

తర్వాత మొయినాబాద్ రోడ్డు పొడుగునా విల్లాలు మొలిచాయి. కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్తుల కుటుంబాలు కొన్ని, ఈలోగా వాడలో లేచిన మన గుడిలోనే కలిశాయి. వాళ్లలో నిర్మలమ్మ ఒకామె. కంఠం తేనె. గుడికి కుర్చీలు ఇచ్చింది, పైకప్పు వేయించింది. గుడి పాస్టరు అయ్యగారు బుధవారం కూడికను ఆమె చేతిలో పెట్టారు. మంచి మనిషే. అదే వచ్చిన కష్టం. చెడ్డ మనిషైతే నాలుగు తిట్టి చేతులు కడుక్కోవచ్చు.

“ఈ ఒక్కసారికి మా హాల్లో పెట్టుకుందామండీ, ఏసీ ఉంది” అంది మొదట్లో. ఆ ఒక్కసారి రెండేళ్లు సాగింది, చాప కూడా అక్కడే ఉండిపోయింది. సాలమ్మ తన వంతు గుర్తు చేసినప్పుడల్లా ఒకటే మాట: “మీకెందుకు శ్రమ మామ్మగారూ, ఇల్లు ఇరుకు కదా.”

రోగులను చూడ్డానికి వాడకు వస్తే కూడా నిర్మలమ్మ చాయ ముట్టదు. అడిగితే ఉపవాసం అంటుంది. “ఈస్టరు పండుగనాడు ఉపాసమున్న మనిషిని ఈమెనే చూసిన” అని పక్కింటి అంతమ్మ బుగ్గలు నొక్కుకుంది. కులం అనే మాట ఎవరూ ఎత్తరు. ఎత్తకపోతే అది లేనట్టా? బాప్తిస్మం తొట్టిలో మనిషి మునుగుతాడు, ఆ కులం మూట తడుస్తుంది, కరగదు.

కోడలు సమత కూడికకు రావడం మానేసింది. “ఆళ్లు మన ఇంట్ల చాయ తాగరు. నేను ఆళ్లింట్ల బిస్కెట్లెందుకు నమలాలె అత్తమ్మా? చాప మనింటికొచ్చిన్నాడు చూద్దాం” అంది.

ఆ మాట సాలమ్మకు ముల్లులా దిగింది. వంతు తన ఇంటికి రాకపోతే అత్త నుంచి వచ్చిన ప్రార్థన తనతోనే ఆగిపోతుంది. కోడలు దాన్ని అందుకోదు. అందుకోమనడానికి తనకు ముఖం ఉండదు.

ఒక బుధవారం నిర్మలమ్మ ఇంటి గుమ్మంలో చెప్పులు విడుస్తూ సాలమ్మ కిందికి చూసింది. చెప్పుల కింద పరిచి ఉన్నది కూడిక చాప.

లోపల పాట మొదలైంది. సాలమ్మ లోపలికి పోలేదు. చాప అంచు పట్టి ఒక్క గుంజు గుంజింది. హీల్సు, స్లిప్పర్లు, పిల్లల బూట్లు చెల్లాచెదరుగా మెట్ల మీద దొర్లాయి. ఆ చప్పుడుకు నిర్మలమ్మ పరుగున వచ్చింది.

“అయ్యో, పనమ్మాయి తెలియక వేసుంటుంది మామ్మగారూ!”

“పనామెకు తెల్వది సరే. రోజూ దాటుతున్నవు, నీకు తెల్వదా?” సాలమ్మ చాప దులిపి, చుట్టి, చంకన పెట్టుకుంది. “చాప యాడుంటే కూడిక ఆడ. నేను వెట్టిన రూలు గాదు. వచ్చే బుధవారం మా ఇంట్ల.”

ఆమె ఆటో ఎక్కేసరికి లోపలున్న ఆడవాళ్లంతా మెట్ల మీద ఎవరి జోడు ఎవరిదో వెతుక్కుంటున్నారు.

మర్నాడు సమత ఫోనుకు కూడిక వాట్సాప్ గ్రూపులో మెసేజి వచ్చింది: వచ్చే బుధవారం కూడిక యథాప్రకారం నిర్మలమ్మగారింట్లో. సాలమ్మ కోడలి చేతిలోంచి ఫోను లాక్కుంది. “మాట్లాడేది యాడ నొక్కాలె?”

సమత చూపించింది.

“నిర్మలమ్మా, నేను సాలమ్మను. చాప నా తాన ఉన్నది. ఇల్లు ఇరుకంటవా, వాకిలి ఉన్నది. వాకిలి సాలకపోతే బజారున్నది. వచ్చేటోళ్లు రాండ్రి. రానోళ్లు ఆడనే కూసోండ్రి. దేవుడు ఎటు రావాల్నో ఆయనే చూసుకుంటడు.”

గ్రూపులో అయ్యగారు రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకున్నారు. అది అవునో కాదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

బుధవారం సాలమ్మ వాకిలి ఊడ్చి చాప పరిచింది. బొబ్బర్లు ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, ఎండుమిరప వేసి గుగ్గిళ్లలా గుడాలు పోపు పెట్టింది. అంతమ్మ, వాడ ముసలమ్మలు ముందే వచ్చి కూర్చున్నారు. సమత తలుపు పక్కన నిలబడింది, లోపలికీ కాదు బయటికీ కాదు.

సందు మొదట్లో కారు ఆగింది. నిర్మలమ్మ మరో ఇద్దరితో నడిచి వచ్చింది. చంకలో బైబిలు, చేతిలో నీళ్ల సీసా. చాప అంచున ఒద్దికగా కూర్చుంది.

ఏ భాగం చదవాలో చెప్పే హక్కు ఇంటామెది. సాలమ్మ పేతురు అత్త కథ అడిగింది. ప్రభువు పేతురు ఇంటికి వెళ్లడం, జ్వరంతో పడుకున్న అత్త చేయి పట్టుకోవడం, ఆమె లేచి అందరికీ వడ్డించడం. నిర్మలమ్మ తేనె కంఠంతో చదివి, “స్వస్థత పొందినవాళ్లు సేవ చెయ్యాలని మనకు అర్థమవుతోంది” అంది.

“గది నీకు సమజైంది. నాకు సమజైంది చెప్త ఇను” అంది సాలమ్మ. “ముసల్ది వడ్డించింది. వడ్డించిందంటే ఆయన తిన్నడన్నట్టే గద? నాకియ్యాల ఉపాసం అన్నడని యాడన్న రాసిన్రా?”

ముసలమ్మలు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. నిర్మలమ్మ ముఖం కందగడ్డ అయింది.

“నిజంగా ఈరోజు నాకు ఉపవాసమే మామ్మగారూ. సాయంత్రం దీపాలు పెట్టేదాకా నీళ్లు తప్ప ముట్టను.”

“నీ మొక్కు చెడగొట్టే పాపం నాకెందుకు?” సాలమ్మ చాప మీద ఇంకాస్త సర్దుకుని కూర్చుంది. “దీపాల యాళ్ల దాంక గద? అయితే దీపాల యాళ్ల దాంక పార్థన చేద్దాం.”

ప్రార్థన వద్దని ఏ క్రైస్తవురాలు అంటుంది? అందరూ తలలు వంచారు.

సాలమ్మ మొదలుపెట్టింది. ఎండిన బోర్లను దేవుడి ముందు ఎత్తింది, రాని బస్సును ఎత్తింది, దవాఖానలో దొరకని మందులను ఎత్తింది, అంతమ్మ మోకాళ్లను రెంటినీ విడివిడిగా ఎత్తింది. “నిర్మలమ్మ కడుపు సూడు పెబువా, పాపం మా వాడకొచ్చినప్పుడల్లా ఖాళీగనే ఉంటది” అంది. సమత ఫక్కున నవ్వి, నవ్వు ఆపుకోలేక వచ్చి చాప కొసన కూలబడింది. సాలమ్మ ఒక కన్ను తెరిచి అది చూసింది, మళ్లీ మూసుకుంది.

ప్రార్థన వంతు చుట్టూ తిరిగింది. మళ్లీ తిరిగింది. రెండోసారి నిర్మలమ్మ దగ్గరకు వచ్చేసరికి ఆమె దగ్గర సిద్ధంగా ఉన్న మాటలు అయిపోయాయి. “ప్రభువా, నాకు సిగ్గుగా ఉంది” అంది.

సందులో కరెంటు స్తంభం మీద లైటు వెలిగింది.

“ఆమెన్” అంది సాలమ్మ, గట్టిగా.

సమత లేచి పళ్లేలు తెచ్చింది. నిర్మలమ్మ గుడాలు నోట్లో వేసుకుని నమిలింది. వాడంతా ఆమె దవడనే చూస్తోంది.

“ఉప్పు సరిపోయిందా?” అంది సాలమ్మ.

“కొంచెం కారం ఎక్కువండీ.”

“కారం తినేటోళ్ల ఇల్లు. నీళ్లు తాగు.”

సీసా ఎప్పుడో ఖాళీ అయింది. సమత చెంబు అందించింది. నిర్మలమ్మ తాగింది, ఆ తర్వాత చాయ కూడా తాగింది. అందరూ లేచి ద్వారబంధం మీద చేతులుంచారు. సమత చెయ్యి అత్త చేతి పక్కనే పడింది.

ప్రార్థన అయ్యాక నిర్మలమ్మ వంగి చాప చుట్టబోయింది. “వచ్చే వారం మా ఇంట్లో పెట్టుకుందామండీ. చాప మీదే కూర్చుందాం.”

సాలమ్మ చాప కొస మీద కాలు వేసింది.

“నీ వంతు ఇంక దూరమున్నది బిడ్డా. ముందు అంతమ్మ ఇల్లు, ఆ ఎన్క ఈ వాడల వంతు తప్పిపోయిన ఇండ్లన్నీ.”

అంతమ్మ చాప చుట్టి చంకన పెట్టుకుంది. నిర్మలమ్మ చెప్పులు తొడుక్కుని సందులోకి నడిచింది. ఆమె కారు దాకా పోయేలోగా సాలమ్మ గొంతు వెనకనుంచి వచ్చి పట్టుకుంది.

“ఓ నిర్మలమ్మా! ఉపాసాలు శుక్రారానికి మార్చుకో!”