నిమ్మకాయ ఎక్కలేని ఆవిరి కారు

నిన్న ప్రొద్దుటూరులో కొత్త కారు తీసుకున్నాను. చక్రాల కింద నిమ్మకాయలు చితికిన వాసనకు మస్తాన్ మామ గుర్తొచ్చాడు.

జమ్మలమడుగులో ఆయనది మా పక్కిల్లు. కువైట్‌లో వెల్డింగు పని మానుకొని వచ్చి, ఎక్కడో ఫోటోలో చూసిన పాతకాలపు ఆవిరి కారును వాకిట్లోనే తయారుచేశాడు. కట్టెల పొయ్యి, దాని మీద నీళ్ల బాయిలరు, ముందు రెండు ఇత్తడి దీపాలు. కారు కదిలే రోజు వీధంతా చేరింది. మా అవ్వ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది.

మామ కూత వేయించాడు. కారు వణికింది, బుస్సుమంది, నిమ్మకాయల దగ్గరే నిలబడిపోయింది.

"దిష్టి శానా గట్టిగా ఉండాది మస్తానూ!" అంది అవ్వ.

"అవునవ్వా. ఇంగ రెండు కట్టెలేస్తా" అన్నాడు మామ.

కట్టెలన్నీ అయిపోయినా కారు కదల్లేదు.

"ఇన్ని ఉడుకునీళ్లు యాడ పారబోస్తావప్పా?" అంటూ అవ్వ బిందె పట్టుకొచ్చింది. ఆ సాయంత్రం వీధి వీధంతా తలకు పోసుకున్నాం.

కారునే ఆపిన నిమ్మకాయ కదా అని, నేనొకటి దాచుకొని మరుసటి రోజు బడి బస్సు ముందు పెట్టాను. బస్సు దాన్ని తొక్కేసి నన్ను వేళకే బడికి చేర్చింది.

ఆ నిమ్మకాయలు తీసేసి ఉంటే మామ కారు వీధి చివరిదాకైనా పోయేదేమో. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. వాటిని పెట్టింది అవ్వ.