కొడవలి మలుపులో రెండు బండ్లు

నాకు సంతకం ఒక్కటే వచ్చు. నేను చెబుతుంటే నా కూతురు రేష్మ రాస్తోంది. డ్రైవర్ల ఇళ్లల్లో ఎవరికైనా పనికొస్తే రానీ, లేకపోతే పోనీ. నాకైతే ఇక పనికొచ్చేది ఏమీ మిగల్లేదు.

మా ఆయన దస్తగిరి ధర్మవరంలో ఒక పట్టుచీరల షావుకారు దగ్గర పంతొమ్మిదేళ్లు కారు నడిపాడు. వారమంతా అక్కడ, ఆదివారం హిందూపురంలో మా దగ్గర. ఆ పెద్ద షావుకారుకు వేగం పిచ్చి. బెంగళూరు పోయి స్పోర్ట్స్ కారు కొన్నాడు. పైకి చూస్తే మామూలు నాలుగు తలుపుల కారే, లోపల మాత్రం గుర్రం. ఆయన పోయాక కొడుకు పగ్గాలు పట్టాడు. మేం అతణ్ణి చిన్నశెట్టి అంటాం. పాత బండిని పెనుకొండ మెకానిక్ నరసింహులుకు ఇచ్చేసి, అదే కంపెనీది, అదే పేరున్న కొత్త రకం తెచ్చాడు. తెచ్చిన పదో రోజు మధ్యాహ్నం మూడు గంటలకు, చిన్నశెట్టిని పెనుకొండ స్టేషన్‌లో దించి ఖాళీ బండితో ధర్మవరం వెనక్కి పోతూ, దారిలో పెద్ద మలుపు దగ్గర మా ఆయన చచ్చిపోయాడు.

నిద్రమత్తులో బండి నడిపాడని పోలీసులు కాగితం మీద రాశారు. ఊరంతా అదే అంది. నా అల్లుడు కూడా అదే అన్నాడు. డ్రైవరుకు అంతకంటే చెడ్డపేరు లేదు. నేను మాత్రం నమ్మలేదు. నిద్రపోయినవాడి బండి తిన్నగా పోతుంది. ఆ మలుపు ఎడమకు తిరుగుతుంది. తిన్నగా పోయి ఉంటే బండి కుడి పక్క శనక్కాయ చేలో పడాలి. కానీ ఎడమ పక్క కల్వర్టుకు కొట్టుకుంది. అంటే చేయి తిప్పింది. మేలుకున్న చేయే తిప్పింది. ఈ మాట చెబితే తల ఊపినవాళ్లే కానీ విన్నవాళ్లు లేరు. మొగుడు పోయినవాళ్లు మాలో పాటించే ఇద్దత్ నాలుగు నెలల పది రోజులూ గడప దాటకుండా దీన్నే నమిలాను. అది తీరిన మర్నాడే బయలుదేరాను. ఆ రెండు బండ్లూ ఎక్కి, ఆ మలుపు చూసి, నిద్ర కాదని తెలుసుకుని రావాలి. అంతే నా పని.

పొద్దున ఏడున్నరకు హిందూపురం స్టేషన్ చేరాను. పెనుకొండకు ప్యాసింజరు టికెట్టు పది రూపాయలు. సంచిలో నీళ్ల సీసా, ఒక స్టీలు గ్లాసు, గుడ్డలో చుట్టిన దర్గా దారం. గ్లాసు సంగతి చెబుతాను. మా ఆయన ఎవరికి డ్రైవింగు నేర్పినా పక్క సీట్లో ఒకర్ని కూర్చోబెట్టి, అంచుదాకా నీళ్లు పోసిన గ్లాసు చేతికిచ్చేవాడు. మలుపులో చుక్క కింద పడితే వాడికి ఇంకా బండి రాలేదని లెక్క. ఏటా ఉరుసుకు పెద్ద షావుకారు బండి ఇచ్చేవాడు. పెనుకొండ బాబయ్య దర్గాకు పోయి, అక్కణ్ణుంచి ధర్మవరం దాకా ఒక తిరుగుడు తిరిగి వచ్చేవాళ్లం. ఆ పంతొమ్మిదేళ్లూ గ్లాసు పట్టుకున్నది నేనే. నా చీర ఒక్కసారి కూడా తడవలేదు.

రైల్లో కిటికీ పక్కన కార్ల ఫ్యాక్టరీ యూనిఫారం వేసుకున్న పిల్ల కూర్చుంది. ఇరవై రెండు, ఇరవై మూడు ఏళ్లుంటాయి. యాడికి పోతాండావవ్వా అని పలకరించింది. రెండు కార్లు ఎక్కి చూడాల్సి ఉందన్నాను. కొంటావా అని నవ్వింది. సంగతి చెప్పాక నవ్వు ఆపి, నా వైపు తిరిగి కూర్చుంది. స్టీరింగులు బిగించేది తమ లైనేనట. పాత రకాల్లో చక్రాన్ని తిప్పడానికి ఆయిల్ తోసేదట, ఇప్పుడు మోటారు తిప్పుతుందట, ఒక్క వేలు చాలట.

"రోడ్డు చేతికి తెలుస్తాదా మరి?" అని అడిగాను.

"తెలీకుండా చేసేదానికే కదవ్వా మా కష్టమంతా," అంది.

దిగేటప్పుడు నా సంచి తనే పట్టుకుంది. ఆ పిల్ల తప్పేముంది. మంచిగా చేస్తే జనం సుఖంగా పోతారనే చేస్తారు.

ఎనిమిది నలభైకి పెనుకొండ. బస్టాండు దగ్గర ఉగ్గాని, ఒక బజ్జీ తిన్నాను. రోజంతా తిరగాలి కదా. నరసింహులు షెడ్డు అక్కడికి నడిచేంత దూరమే. వాడు మా ఆయన దగ్గరే బండి నేర్చుకున్నాడు, నన్ను వదినా అంటాడు. పాత బండి మీద టార్పాలిన్ తీశాడు. రంగు వెలిసింది కానీ తలుపు వేస్తే అదే బరువైన చప్పుడు. నేను పక్క సీట్లో కూర్చున్నాను. ఆయన లేకుండా ఆ సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి.

నరసింహులు పది గంటలదాకా బండి తీయలేదు. ఏదో ఒకటి తుడుస్తూనే ఉన్నాడు.

"తెలుసుకోని ఏం జేస్తావు వదినా? అన్న తిరిగొస్తాడా?"

"పేరొస్తాది. నిద్రపోయినాడనే పేరు పోతే చాలు. నువ్వు తియ్యబ్బా."

నేను గుడ్డ విప్పి దారం ఇచ్చాను. ఎర్ర దారం, నూనె మరకలు, ఆయన పోయాక ఆయన సామాన్లతో నా దగ్గరికొచ్చింది. ఉరుసులో తెచ్చి ఆయన స్టీరింగు పైన నడి నెత్తిన కట్టుకునేది. ఒక దారం చీకిపోతే ఇంకొకటి. భక్తి ఒకటి, లెక్క ఇంకొకటి. ధర్మవరం దారిలో గుట్టను కోసి రోడ్డు వేసిన చోట పెద్ద మలుపు ఉంది. డ్రైవర్లు దాన్ని కొడవలి అంటారు. మలుపు ముందర రోడ్డు పక్కనున్న తుమ్మ మొద్దు కనబడగానే తిప్పడం మొదలుపెట్టాలి. పైనున్న దారం పక్కకు దిగి, గడియారంలో తొమ్మిది అంకె ఉండే చోటికి రావాలి. అక్కడ పట్టి ఉంచితే మలుపు దానంతట అదే అయిపోతుంది. ఆయన కళ్లు మూసుకుని చేయగలనని చెప్పేవాడు. చేయలేదు, చెప్పేవాడు.

నరసింహులు దారం కట్టి బండి తీశాడు. పాత బండి ఎలా పోతుందంటే, రోడ్డు మీద ఉన్నదంతా చెబుతూ పోతుంది. రాయి ఎక్కితే స్టీరింగు పట్టుకున్న చేతిలో అదురు కనబడుతుంది. గుంత వస్తే నడుముకు తెలుస్తుంది. వేగం పెరిగితే ఇంజను గొంతు మారుతుంది. స్టీరింగు బరువు, నరసింహులుకు మోచేతుల దాకా నరాలు తేలాయి. తుమ్మ మొద్దు కనబడగానే నేను గ్లాసు నింపాను. బండి ముందు ఒక్క క్షణం ఆలోచించి, తర్వాత పక్కకు ఒరిగి, నా భుజాన్ని నరసింహులు వైపు నెట్టి నెమ్మదిగా తిరిగింది. టైర్లు సన్నగా ఏడ్చాయి. ఇంకొంచెం వేగమైతే జారుతానని ముందే చెప్పే ఏడుపు అది. గ్లాసులో నీళ్లు అంచుదాకా ఎక్కి, నిలబడి, దిగాయి. దారం తొమ్మిది దగ్గర ఉంది. ఒక్క చుక్క పడలేదు.

కల్వర్టు కొత్తగా సున్నం కొట్టి ఉంది. దిగుదామా అన్నాడు నరసింహులు. వద్దన్నాను.

పదకొండున్నరకు ధర్మవరం. నన్ను కొట్టు ముందు దించి నరసింహులు వెనక్కి పోయాడు. దారం మాత్రం విప్పించుకున్నాను. చిన్నశెట్టి గిరాకీతో ఉన్నాడు. రెండు దాకా కూర్చోమన్నాడు. ఇంట్లోనుంచి అన్నం, పప్పు తెప్పించాడు. మంచివాడే. చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది.

అతని ఇంటి ముందు కొత్త బండి ఉంది. నుజ్జయినది కాదు, బీమాలో వచ్చిన అదే రకం ఇంకొకటి, తెల్లది. తలుపు ముట్టుకుంటే తెరుచుకుంది, వేస్తే చప్పుడు లేదు. సీటు రెండు పక్కలా నన్ను పట్టుకుంది. స్టార్టయిందో లేదో నాకు తెలియలేదు, నడిపే సీట్లో ఉన్న చిన్నశెట్టిని అడిగితే అయిందన్నాడు. ఊరు దాటాక మీటరుకు చెయ్యి అడ్డం పెట్టి, ఎంత పోతున్నామో చెప్పమన్నాడు. యాభై అన్నాను. చెయ్యి తీస్తే తొంభై ఉంది. పక్కన చెట్లను చూస్తే తప్ప పోతున్నట్టే లేదు.

ఎదురు దిక్కునుంచి కొడవలి దాటాం. చెప్పకూడదు కానీ చెప్పాలి, బండి గొప్పగా తిరిగింది. ఒరగలేదు, ఏడవలేదు. ఇస్త్రీపెట్టె గుడ్డ మీద పోయినట్టు పోయింది. గ్లాసులో నీళ్లు కదలనైనా కదలలేదు. ఎవరైనా రెండింట్లో ఏది మేలని అడిగితే కొత్తదే మేలు. స్టీరింగును అతను రెండు వేళ్లతో ఎంత తిప్పాడో చూశాను. చాలా కొంచెం.

అదే మలుపుకు పాత బండిలో పావు చుట్టు తిప్పాలి. అయినా అడిగాను. బండి మళ్లించి ధర్మవరం వైపు పెట్టి, ఈ దారం కట్టి, మా ఆయన తిప్పినంత తిప్పి చూపించు సామీ అని. అతను దారాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. తర్వాత నేను చెప్పినట్టే కట్టాడు. ముందూ వెనకా ఏ బండీ లేకుండా చూసి, ఇరవైలోనే పోతూ, తుమ్మ మొద్దు దగ్గర దారాన్ని తొమ్మిదికి తెచ్చాడు.

బండి ఆలోచించలేదు. మూతి పట్టి లాగినట్టు ఎడమకు తిరిగింది. కల్వర్టు అద్దం నిండా వచ్చింది. అతను బ్రేకు తొక్కాడు. గ్లాసులో నీళ్లన్నీ నా ఒడిలో పడ్డాయి. కల్వర్టుకు జానెడు దూరంలో ఆగాం.

ఇరవైలో అది. ఆయన ఎంత వేగంలో ఉన్నాడో ఆయనకే తెలిసి ఉండదు. ఎదురుగా లారీ ఏదైనా వచ్చి ఉంటుంది, కన్ను లారీ మీద, చేయి దారం మీద ఉండి ఉంటుందని చిన్నశెట్టి అన్నాడు. నిద్ర కాదు హుసేనమ్మా అని కూడా అన్నాడు. ఆ మాట కోసమే కదా నేను వచ్చింది. ఆ మాట విన్నాక లేచి నిలబడాలి నేను. తడి చీరతో అలాగే కూర్చున్నాను.

"దారం తీసేయ్ దస్తగిరీ, ఈ బండి లెక్క వేరే ఉండాది అని నేను రెండుసార్లు చెప్పినా," అన్నాడు అతను, స్టీరింగు వైపు చూస్తూ. "ఇంట్లోది కట్టింది సామీ, తీయను అన్నాడు."

నేనే కట్టాను. కొత్త బండి వచ్చిన మొదటి ఆదివారం ఆయన దాన్ని మా ఇంటి ముందు ఆపి, లోపలికొచ్చి, మంచం మీద కూర్చుని తన చేతులు తాను చూసుకున్నాడు. ఈ బండి చేతికి ఏమీ చెప్పడంలా హుసేనీ, చక్రాలు యాడుండాయో తెలియడంలా అన్నాడు. పాత బండినుంచి విప్పిన దారం జేబులోనే ఉంది. కొన్నాళ్లు ఉత్త స్టీరింగుతో తిప్పి కొత్తగా నేర్చుకుంటాననీ, దారం తర్వాత చూద్దామనీ అన్నాడు. నాకు భయమేసింది. ఈ వయసులో బండి రాదంటే శెట్టి ఇంకొకర్ని పెట్టుకుంటాడని భయం. జేబులోంచి దారం తీసుకుపోయి, ఆ సీట్లో కూర్చుని, నా చేత్తో నడి నెత్తిన ముడివేశాను.

"పంతొమ్మిదేండ్లు ఎట్ల తిప్పినావో అట్లే తిప్పు. చేయి మార్చొద్దు," అన్నాను.

ఆయన నా మాట ఏనాడూ తీసెయ్యలేదు.

చిన్నశెట్టి నన్ను పెనుకొండ స్టేషన్‌లో దించేసరికి నాలుగున్నర. నిద్ర కాదని కావాలంటే కాగితం మీద రాసిస్తానన్నాడు. వద్దన్నాను. ఐదూ పదికి రైలు వచ్చింది. పొద్దున పలకరించిన పిల్ల లేదు. ఎదురుగా ఒక ముసలాయన రొద్దం సంతనుంచి వస్తూ, చీర తడిసిందేమమ్మా అన్నాడు. నీళ్లు ఒలికినాయన్నాను. ఆయన తన తుండుగుడ్డ ఇచ్చాడు. దాన్ని ఒడిలో పెట్టుకుని హిందూపురం దాకా కూర్చున్నాను, తుడుచుకోలేదు.

ఈ దారిన పోయేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు. పాత బండినుంచి కొత్త బండికి మారేవాడు చేతులను ఇంట్లో పెట్టి పోవాలి, కొత్త చేతులు తెచ్చుకోవాలి. అందుకు పది రోజులు చాలవు. అతను నేర్చుకుంటానంటే నేర్చుకోనివ్వండి. ఇంట్లో ఆడదానికి భయమైతే ఆ భయాన్ని తన దగ్గరే ఉంచుకోవాలి.

ఆరు దాటి ఇంటికొచ్చాను. గడపలో రేష్మా అల్లుడూ ఎదురు చూస్తున్నారు. ఏం తెలిసిందమ్మా అని రేష్మ అడిగింది. కల్వర్టు మాట, దారం మాట అన్నీ నోటిదాకా వచ్చాయి.

"నిద్రపోయినాడంట," అన్నాను.

అల్లుడు నేను చెప్పలేదా అన్నట్టు లోపలికి పోయాడు. రేష్మ ఏడ్చింది, వాళ్ల నాయన నిద్రపోయాడని.

అది జరిగి నెల. ఇప్పుడు ఇది చెబుతుంటే నా కూతురు పెన్ను ఆపింది. నా వైపు చూడడం లేదు. రాయమ్మా, నీ చేత్తోనే రాయి అంటున్నాను. మీ నాయన మేలుకునే ఉన్నాడని రాయి.