బొండాల గుట్టలో రెండు పిస్తోళ్లు

నా పాస్‌పోర్టునీ, మా ఇంటి పరువునీ ఒకే పూటలో కొబ్బరిబొండాల గుట్టలో పాతిపెట్టబోయిన వైనం చెబుతాను. మీరు నవ్వుకోండి, ఫరవాలేదు. ఆ రోజు నాకు మాత్రం నవ్వు కాదు కదా, ఊపిరే సరిగ్గా ఆడలేదు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. కువైట్‌లో ఏసీ మెకానిక్కు పని ఖాయమైంది. మలికిపురం దగ్గర మా ఇంట్లో పాస్‌పోర్టు ఎంక్వైరీ కోసం ఎదురుచూస్తూ, ఫోనులో తుపాకుల చరిత్ర వీడియోలు చూసి చూసి పండితుణ్ణైపోయాను. అమెరికావాడు ఆరు గుళ్ల డ్రమ్ము తిరిగే రివాల్వర్ని అంతకాలం ఎందుకు పట్టుకు వేలాడాడో, యూరప్‌వాడు గుళ్లన్నీ పిడిలోనే దాచే పలచటి పిస్తోలు వైపు ఎందుకు మొగ్గాడో, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాణ్ణి. అది చాలక నేనూ ఓ వీడియో తియ్యాలని కొబ్బరి మట్టతో రెండూ చెక్కి నల్లరంగు వేశాను. ఆరాక చూస్తే నాకే భయమేసింది.

ఆ మురిపెంలో ఉండగానే గేటు దగ్గర బైకు ఆగింది. ఖాకీ బట్టల్లో హెడ్ కానిస్టేబులు. ఎంక్వైరీ.

రెండింటినీ తువ్వాల్లో చుట్టి, వరండా పక్కనున్న బొండాల గుట్టలో కుక్కేశాను. మా వైపు గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు బొండం కోసం చెయ్యి వెళ్లేది ఆ గుట్టలోకే. ఆ ఒక్క నిమిషం నేను పుట్టిన ఊరే మరిచిపోయాను.

"రండి హెడ్డుగారూ, ఎండనపడి వచ్చేరు, బొండం తాగుదురుగాని," అంటూ మా బాబాయి కత్తి అందుకున్నాడు.

"వద్దు బాబాయ్, మజ్జిగ ఇద్దాం," అన్నాను.

"ఇంట్లో ఇన్ని బొండాలుండగా మజ్జిగేంట్రా?"

"ఆయ్, బొండమే ఇప్పించండి. లేతది నేనే ఏరుకుంటాను," అంటూ హెడ్డుగారు వంగారు. నాలుగు కాయలు పక్కకి జరిపారు. తువ్వాలు తగిలింది. విప్పారు. బాబాయి చేతిలో కత్తి గాల్లోనే ఆగిపోయింది. కువైట్ విమానం నన్నొదిలేసి వెళ్లిపోతున్నట్టే అనిపించింది.

"ఇవెక్కడియ్యి బాబూ?" అని ఆయన చాలా నెమ్మదిగా అడిగారు.

భయపడ్డవాడు నోరు మూసుకోవాలి. పండితుడు మూసుకోడు కదండీ.

"డ్రమ్ముది అమెరికాదండి. ఆ పలచటిది బెల్జియంలో చేసేరండి, డిజైను గీసింది మాత్రం అమెరికావోడేనండి."

"గుళ్లెన్ని?"

"దీంట్లో ఆరండి, దాంట్లో ఏడండి."

"ఎవరికోసం?"

"జనం కోసమండి," అన్నాను. వీడియో చూసే జనమని చెప్పేలోగానే బాబాయి అరుగు మీద కూలబడ్డాడు.

హెడ్డుగారు రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూసి, బొండం తనే కొట్టుకుని పూర్తిగా తాగి, మూతి తుడుచుకుని, కాగితాలు తీశారు.

"పట్టుకోగానే మట్టని తెలిసిందిలే. నిజం సరుకుతో ఏమన్నా సావాసం ఉందేమోనని అడిగేను. ట్రిగ్గర్ చూసేక ఆ అనుమానం పోయింది."

"ట్రిగ్గర్‌కేమైందండి?"

"రెండిటికీ వంపు తిరగేసి పెట్టేవు. తుపాకీ ఒక్కసారి ముట్టుకున్నోడెవడూ ఇలా చెక్కడు. నీకేం తెలీదని ధైర్యంగా రాసేస్తాను, సంతకం పెట్టు."

నా పాండిత్యం పోయింది, పాస్‌పోర్టు వచ్చింది. ఇదిగో, కువైట్‌లో ఈ ఏసీ డబ్బా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. తుపాకుల గురించి ఇక నోరెత్తను. బొండాల గుట్టలో బొండాలు తప్ప ఇంకేమీ పెట్టను.